గుర్రం ముందు కూత

"చెల్లె, మీ అన్న పోయిండు" అని ఫోనులో ఆమె అన్నప్పుడు నేను బహ్రెయిన్‌లో, జిదాఫ్స్ బజారులో వంకాయలు ఏరుతున్నాను. "ఎక్కడికి?" అని అడిగాను. ఎంత తెలివితక్కువ ప్రశ్నో నాకు వెంటనే తెలియలేదు. ఆ మనిషి ఎప్పుడూ ఎక్కడికో ఒకచోటికి పోయి వస్తుండేవాడు కదా, ఆ అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసింది.

ఆమె ఆయన భార్య. జగిత్యాల అవతల ఏదో పల్లె. ఆయన సెలవు మీద ఇంటికి వెళ్ళి ముప్ఫై నాలుగు రోజులైంది, నలభయ్యో రోజుకు బహ్రెయిన్ రావాలి. పొద్దున చాయ్ తాగి అరుగు మీద కూచున్నవాడు కూచున్నట్టే పక్కకు ఒరిగిపోయాడట. గుండె అన్నారట.

"నిన్న రాత్రి అన్నం తినుకుంట గూడ అదే ముచ్చట" అంది ఆమె. "వచ్చే శనివారం బిడ్డకు గిట్టలు చెక్కాలె, నేను అక్కడుండాలె, నేను లేకుంటే నిలవడదు అని. ఇక్కడ నేను లేనా, నాకు పిల్లలు లేరా? గా గుర్రం మీదున్న పావురంల సగం నా మీదుంటే నేనింకేమన్న అందునా?" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కూరగాయల కొట్టువాడు వంకాయలు తూచకుండా నా వైపే చూస్తూ ఉండిపోయాడు.

ఆయన్ని నేను అన్నయ్యా అనేదాన్ని, ఆయన నన్ను చెల్లె అనేవాడు. ఆయన పేరు ఇక్కడ రాయను. ఎవరైనా పేరడిగితే "పేరుతోని ఏం పని, పని జెప్పు" అనేవాడు. ఆ మాట ప్రకారమే పోదాం.

హమద్ టౌన్ దాటి కాస్త లోపలికి వెళితే తోటలూ గుర్రాల శాలలూ వస్తాయి. మా బాబా తోట అక్కడే. యజమానిని పనివాళ్ళం అందరం బాబా అనే అంటాం. నేను ఆ ఇంట్లో తొమ్మిదేళ్ళుగా వంట చేస్తున్నాను. మాది రాజోలు వైపు. నేను చేరిన రెండేళ్ళకు ఆయన వచ్చాడు. ఎలా వచ్చాడన్నది ఆయన నోటితో వినాలి, నేను వందసార్లు విన్నాను.

అంతకుముందు మీనా సల్మాన్ రేవు గోదాముల్లో సామాన్ ఎత్తే పని. ఆ కంపెనీ మూతపడింది. ఇంకో కఫీల్, అంటే వీసా ఇచ్చే యజమాని, దొరక్కపోతే ఇంటికి పోవాల్సిందే. అలాంటప్పుడు మా బాబా మనుషుల కోసం పనివాళ్ళ క్యాంపుకు వెళ్ళి, వరసలో నిలబడ్డ ఈయన్ని చూసి, "ఇంతా ఖేల్ మాలూం?" అని అడిగాడు. నీకు ఖేల్ తెలుసా అని. ఇక్కడి అరబ్బీలో ఖేల్ అంటే గుర్రాలు. మన అన్నయ్యకు తెలిసిన ఖేల్ హిందీ ఖేల్, అంటే ఆట.

"ముసలాయన ఆటల పిచ్చోడనుకున్న చెల్లె. కబడ్డీ టీముల మనిషి తక్కువైండేమో అనుకున్న. మాలూం బాబా, బహుత్ మాలూం, బచ్‌పన్ సే మాలూం అన్న. మా మండలంల నా కూతకు పేరుండె మరి!"

బాబా సంతోషించి బండెక్కించుకున్నాడు. తోట గేటు దగ్గర దిగేసరికి తొమ్మిది గుర్రాలు అరల్లోంచి తలలు బయటపెట్టి చూస్తున్నాయి. "అప్పుడెర్కయింది ఏం ఖేలో" అనేవాడు. ఆ రోజుదాకా ఆయన గుర్రాన్ని చూసింది పెళ్ళి బరాత్‌లోనే, అదీ దూరం నుంచి. నోరు విప్పితే ఇంటికి పంపుతారని నోరు మూసుకున్నాడు. పెద్ద సాయిస్‌గా, అంటే గుర్రాలను చూసుకునే మనిషిగా ఉన్న సూడాన్ భాయ్ వెనకే తిరుగుతూ పేడ ఎత్తడం, గడ్డి వెయ్యడం, ఒళ్ళు రుద్దడం నేర్చుకున్నాడు. సంవత్సరం దాకా ఎవరికీ అనుమానం రాలేదు.

ఆయన తీరు చెప్పాలి. గుర్రాలు తినకుండా తను తినేవాడు కాదు. తలుపు తట్టకుండా వంటింటి గడప అవతల నిలబడి దగ్గేవాడు, అదే పిలుపు. నా పులుసు నోట్లో పెట్టుకుని మొహం చిట్లించి, "పులుసుల బెల్లమేందే చెల్లె, ఇది నాకా, గుర్రానికా?" అనేవాడు. అంటూనే మూడుసార్లు పోయించుకునేవాడు. పళ్ళెం కడిగి తనే బోర్లించి వెళ్ళేవాడు. ఇంటి నుంచి ఫోనొస్తే "దుబాయిల ఉన్న" అనేవాడు. "బహ్రెయిన్ కదన్నయ్యా" అంటే, "గదే, బహ్రెయిన్ దుబాయి" అనేవాడు. ఇంక ఆయనకెవరు చెబుతారు!

ఎక్కడికి వెళ్ళినా "పోయొస్త" అనేవాడు కాదు, "ముట్టొస్త" అనేవాడు. జిదాఫ్స్ ముట్టొస్త చెల్లె, కొత్తిమీర తేవాల్నా? డాక్టరును ముట్టొస్త. రెండేళ్ళకోసారి సెలవొస్తే, ఇల్లు ముట్టొస్త. కబడ్డీలో కూతకు వెళ్ళినవాడు అవతలి వాళ్ళను ముట్టుకుని, ఊపిరి ఆగకుండా గీత దాటి తిరిగి వచ్చెయ్యాలి. ఆ మనిషికి లోకం అంతా అదే ఆటలాగా కనిపించేదేమో, నాకు తెలియదు.

మా వైపు ఆ ఆటను చెడుగుడు అంటాం. మా అన్నలు ఆడుతుంటే చిన్నప్పుడు గట్టు మీద కూచుని చూసేదాన్ని. ఆ మాట అంటే చాలు ఆయనకు నవ్వు. "చెడుగుడా? గదేం పేరు, కుండల నీళ్ళు పోసినట్టు" అనేవాడు.

ఇక ఆ ఆడగుర్రం సంగతి. బూడిద రంగు, నుదుటి మీద తెల్ల మచ్చ. సముద్రం మీది వంతెన దాటి అవతలి దేశం నుంచి లారీలో వచ్చింది. ఎడారిలో ఎవరిదో విడిచిపెట్టిన మందలో పుట్టి పెరిగిందట, మనిషి చెయ్యి ఎరగదు. వచ్చిన రోజే సూడాన్ భాయ్ పగ్గం వెయ్యబోతే తన్నింది. మెడ కింద ఎముక విరిగి అతను రెండు నెలలు మంచాన పడ్డాడు. తర్వాత ఇంకెవరూ దాని కంచెలోకి అడుగుపెట్టలేదు. గడ్డీ నీళ్ళూ పైనుంచి తోసేవాళ్ళు. నేను ఒకసారి కంచె పక్కనుంచి పోతుంటే తల చాపి నా చున్నీ అంచు పట్టి లాగింది. ఆ చున్నీ వదిలేసి పరుగెత్తాను, మళ్ళీ అడగలేదు.

నాలుగు నెలలకు అది కుంటడం మొదలుపెట్టింది. పెరిగిన గిట్ట చీలి లోపల చీము పట్టిందని పశువుల డాక్టరు కంచె బయటి నుంచే చెప్పాడు. గిట్ట చెక్కి చీము తియ్యాలి, తియ్యాలంటే అది నిలబడాలి. దూరం నుంచి మత్తుసూది కొట్టి చూశారు. మత్తు సగమే ఎక్కింది. పిచ్చెత్తినట్టు కంచెకు గుద్దుకుని రెండు మోకాళ్ళూ పగలగొట్టుకుంది. రెండోసారి కొట్టనన్నాడు డాక్టరు. ఇలాగే వదిలేస్తే నరకం చూస్తుంది, దానికంటే చచ్చిపోయే సూది మేలు అన్నాడు.

బాబా మంచివాడే, కానీ మొండి. నలుగురు మగవాళ్ళను పిలిచి తాళ్ళు ఇచ్చాడు. అప్పుడు ఈయన వెళ్ళి గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. నేను చేతిలో గరిటెతోనే వంటింట్లోంచి బయటికి వచ్చాను.

"పకడో మత్ బాబా. పట్టుకుంటె చస్తది. ముట్టి రావాలె" అన్నాడు, సగం హిందీ, సగం తెలుగు.

"నీకు ఖేల్ తెలుసు కదా, మరి ఇన్నాళ్ళూ ఏం చేశావు?" అని బాబా అరిచాడు.

ఆయన తల వంచుకున్నాడు. "ఖేల్ మాలూం నై బాబా. కబడ్డీ మాలూం" అన్నాడు.

అప్పుడు మొదటినుంచీ అంతా చెప్పేశాడు. ఆ రోజు ఏమడిగారో, తను ఏమనుకున్నాడో, గేటు దగ్గర గుర్రాలను చూసి ఎలా వణికాడో. అయ్యో రామా, ఈ మనిషి ఇప్పుడెందుకు నోరు విప్పాడు, కొరివితో తల గోక్కుంటున్నాడు అనుకున్నాను. ఆయన వీసా, ఆయన ఇల్లు, ఆయన పిల్లల చదువులు అన్నీ ఆ ఒక్క అబద్ధం మీద నిలబడి ఉన్నాయి. బాబా మగవాళ్ళ చేతుల్లోంచి తాళ్ళు తిరిగి తీసుకున్నాడు. ఎనిమిది వేళ్ళు చూపించాడు. ఎనిమిది రోజులు. తర్వాత గుర్రానికి సూది, నీకు టికెట్టు, ఖలాస్ అన్నాడు.

మర్నాడు తెల్లవారగానే ఆయన చెప్పులు విడిచి కంచెలోకి దిగాడు. మడమతో ఇసుకలో ఒక గీత గీశాడు. గీతకు ఇవతల నిలబడి వంగి నేలకు దండం పెట్టుకుని, కబడ్డీ కబడ్డీ కబడ్డీ అని కూత పెట్టాడు. ఆటలో పెట్టే కూత కాదది. గొంతులోనే, పసిపిల్లను జో కొట్టేంత మెల్లగా. అలాగే పక్కవాటుగా రెండడుగులు వేశాడు. గుర్రం చెవులు వెనక్కి పెట్టి పళ్ళు చూపించింది. ఆయన ముట్టుకోలేదు, కూత ఆగకముందే గీత దాటి వెనక్కి వచ్చేశాడు. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. పొద్దస్తమానం అదే పని.

"గుడ్డిగుర్రానికి పళ్ళు తోముతున్నావా అన్నయ్యా? పిచ్చి గానీ పట్టలేదు కదా నీకు?" అన్నాను అన్నం పెడుతూ. నాకు కోపం వచ్చింది, నిజంగానే. ఆయన మెడమీద కత్తి వేలాడుతుంటే ఆటలేమిటని.

"ఆమెకు రెండే ఎర్క చెల్లె. మనిషొస్తె పట్టుకుంటడు, లేకుంటె కొడ్తడు. వచ్చి, పట్టుకోకుండ పోయేటోన్ని ఆమె చూడలే. గది చూపెట్టాలె ముందు" అన్నాడు. ఎప్పుడూ ఆమె అనే అనేవాడు, అది అనగా నేను వినలేదు.

నాలుగో రోజు భుజం ముట్టుకుని వచ్చాడు. వేలి కొసతో, అంతే. తిరిగి గీత దాటాక జేబులోంచి బెల్లం ముక్క తీసి గీత మీద పెట్టాడు. నా డబ్బాలోదే, అడగకుండా తీసుకున్నాడు. ఆశపెట్టి పిలవడానికి ఎప్పుడూ పెట్టలేదు, ముట్టి వచ్చిన తర్వాతే పెట్టేవాడు. ఆరో రోజు ఆయన గీత దాటి వస్తుంటే అది కుంటుకుంటూ ఆయన వెనకే గీత దాకా వచ్చింది. అక్కడ ఆగింది. వంటింటి కిటికీలోంచి చూస్తూ పొయ్యి సంగతే మరిచిపోయాను. పాలు పొంగిపోయి పొయ్యి ఆరిపోయింది కూడా.

ఆ పూట అన్నానికి వచ్చి, "నా మీద ఆమెకు పావురం పుట్టింది చెల్లె" అన్నాడు.

మా బాబాకు పావురాలు కూడా ఉన్నాయి. గూటిలోంచి ఒకటి తప్పించుకుని వచ్చి ఈయన మీద వాలిందేమో అనుకున్నాను. "ఏ పావురం? తెల్లదా?" అని అడిగాను. పొట్ట పట్టుకుని నేల మీద కూలబడి నవ్వాడు ఆ మనిషి. "పావురమంటె ప్రేమ, తల్లీ! మీ దిక్కు అనరా?" అన్నాడు. మా దిక్కు అనం. ఆ తర్వాత నాకు కోపం వచ్చినప్పుడల్లా "పావురమెక్కడున్నది చెల్లె, తెల్లదా?" అని ఏడిపించేవాడు.

ఎనిమిదో రోజు గిట్టలు చెక్కే పఠాన్ భాయ్ వచ్చాడు. ఈయన ఒక చెయ్యి గుర్రం భుజం మీద వేసి కూత పెడుతూ నిలబడ్డాడు. ఊపిరి అయిపోగానే చెయ్యి తీసేసి గీత దాకా వచ్చేవాడు, పఠాన్ కూడా గిట్ట వదిలేసి వచ్చేవాడు. మళ్ళీ ఊపిరి పీల్చుకుని వెళ్ళేవారు. అలా ఒక గిట్టకే పొద్దెక్కింది. చీము కారిపోయింది. గుర్రం నిలబడింది. బాబా వచ్చి ఈయన భుజం తట్టి, "నీ ఖేల్ నీకు తెలుసు" అన్నాడు.

ఆ తర్వాతి ఆరేళ్ళలో దాని మీద ఆయన ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఎక్కమని బాబా అంటే "ముట్టేటోన్ని నేను, ఎక్కేటోన్ని గాను" అన్నాడు. ఆ గిట్టలకు మాత్రం ఆరు వారాలకోసారి చెక్కుడు తప్పదు, ఆలస్యమైతే పాత చీలిక మళ్ళీ తెరుచుకుంటుంది. ఈయన లేకుండా కాళ్ళ దగ్గరికి ఎవరినీ రానిచ్చేది కాదు. అందుకని అందరికీ రెండు నెలలు సెలవైతే ఈయనది నలభై రోజులే. ఇంట్లో ఆమెకు కోపం రాదా మరి? "ముట్టొచ్చుడే చెల్లె. ఊపిరి ఉన్నంతల గీత దాటాలె" అనేవాడు.

"ఇంతకీ గీతకు నీ వైపేది అన్నయ్యా? అదా, ఇదా?" అని ఒకసారి అడిగాను. పళ్ళెం కడిగి బోర్లించాడు. "గదే సమజైత లేదు" అన్నాడు.

మొన్న సెలవుకు వెళ్ళేముందు కూడా దగ్గి, గడప అవతల నిలబడి, "నువ్వు గూడ కూత నేర్చుకోరాదు చెల్లె? నేను లేనప్పుడు పనికొస్తది" అన్నాడు. నాకెందుకు ఆ గొడవ, నీ గుర్రం నీ ఖర్మ అన్నాను. వేరే ఏదైనా అని ఉండొచ్చు. అదే అన్నాను.

ఆయన పోయాడని తెలిశాక బాబా గుండెల మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు కుర్చీలో కూచున్నాడు. కానీ శనివారం ఆగదు కదా. సూడాన్ భాయ్ స్థానంలో వచ్చిన కొత్త సాయిస్ గురువారం కంచెలోకి దిగితే అది వెనక కాళ్ళ మీద లేచింది. అతను గోడ దూకి బయటపడ్డాడు. పాత గిట్ట మళ్ళీ నెర్రె విచ్చిందని పఠాన్ భాయ్ బయటి నుంచే చూసి చెప్పాడు. "శనివారం నిలబడితే సరే. ఇంకోసారి దాన్ని అలా కుంటనివ్వను" అన్నాడు బాబా. డాక్టరుకు ఫోను చేసి ఆ రోజుకు రమ్మన్నాడు కూడా. ఆ సూది కోసమేనని అందరికీ తెలుసు.

శనివారం పొద్దున అందరూ కంచె చుట్టూ నిలబడి ఉంటే నేను వెళ్ళి, "బాబా, నేను లోపలికి పోతాను" అన్నాను. కొత్త సాయిస్ పకపకా నవ్వాడు. బాబా నవ్వలేదు, గేటు గొళ్ళెం తీశాడు. చున్నీ నడుముకు బిగించి కట్టుకున్నాను. చెప్పులు విడిచాను. మడమతో గీత గీశాను, వంకరగా వచ్చింది.

ఊపిరి పీల్చుకుని నోరు తెరిస్తే, "చెడుగుడు చెడుగుడు చెడుగుడు" అని వచ్చింది. నాకు తెలిసిన కూత అదే. గుర్రం చెవులు వెనక్కి పడ్డాయి, ముందుకాలితో ఇసుక తవ్వింది. ఒక్క గెంతులో గీత ఇవతలికి వచ్చి పడ్డాను. కుండల నీళ్ళు పోసినట్టుందని ఆయన అననే అన్నాడు కదా.

మళ్ళీ ఊపిరి పీల్చుకున్నాను. ఈసారి ఆయన పెట్టినట్టే, గొంతులోనే, కబడ్డీ కబడ్డీ కబడ్డీ అన్నాను. దాని చెవులు ఒకటి తర్వాత ఒకటి ముందుకు వచ్చాయి. నన్ను చూసింది, నా వెనక చూసింది. పక్కవాటుగా నడిచాను. భుజం ముట్టుకున్నాను. వెచ్చగా ఉంది, చర్మం ఒక్కసారి జలదరించి ఆగింది. కూత ఆగకముందే తిరిగి వచ్చాను. మూడుసార్లు వెళ్ళి వచ్చాను. నాలుగోసారి పఠాన్ భాయ్ నా వెనకే వచ్చి మెల్లగా కాలు ఎత్తాడు. ఎత్తనిచ్చింది.

వంట చేసుకునే దాన్ని, నాకు ఊపిరెక్కడిది! అరవయ్యో డెబ్భయ్యో కూతలు పెట్టాను. మధ్యలో ఏడుపు వచ్చి కూత తెగిపోయిన ప్రతిసారీ చెయ్యి తీసేసి గీత దాకా నడిచాను, పఠాన్ పాపం విసుక్కోకుండా నాతోపాటే వచ్చాడు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి నాలుగు గిట్టలూ అయ్యాయి. డాక్టరు పెట్టె తెరవకుండానే వెళ్ళిపోయాడు.

చివరిసారి గీత దాటి బెల్లం ముక్క గీత మీద పెట్టాను. అది నా వెనకే గీత దాకా వచ్చి ఆగింది. బెల్లం ముట్టలేదు. నా భుజం మీదుగా గేటు వైపు చూస్తూ నిలబడింది. సెలవు నుంచి ఆయన ఆ గేటులోంచే దగ్గుకుంటూ వచ్చేవాడు, నలభయ్యో రోజున. ఆ రోజు సరిగ్గా నలభయ్యో రోజు.

దానికి మా వైపు మాట తెలియదు. ఆయన మాటల్లోనే చెప్పాలి.

"ఇగ రాడు బిడ్డా" అన్నాను.